విదేశీ పట్టాతో దంతవైద్యం: కొత్త దేశంలో లైసెన్స్ నిబంధనలు

ఒక దేశంలో బీడీఎస్ లేదా దానికి సాటి వచ్చే పట్టా పుచ్చుకుని మరో దేశంలో ప్రాక్టీస్ చేయాలనుకునే దంతవైద్యులు అక్కడి నియంత్రణ సంస్థ ముందు తమ అర్హతను మళ్లీ రుజువు చేసుకోవాలి. పట్టా ఎక్కడికైనా వెంట వస్తుంది గాని లైసెన్స్ రాదు. స్వదేశంలో పదిహేనేళ్లు ప్రాక్టీస్ చేసినవారైనా కొత్త దేశపు రిజిస్టరులో పేరు ఎక్కేదాకా చట్టం దృష్టిలో మామూలు మనుషులే. పేరు ఎక్కకుండా రోగి నోట్లో పరికరం పెడితే చాలా దేశాల్లో అది నేరం.

దారులు దేశానికొక తీరుగా ఉన్నా, నియంత్రణ సంస్థలు తేల్చుకోదలచినవి దాదాపు అన్నిచోట్లా ఒకటే. వచ్చిన మనిషి నిజంగా ఆ పట్టా పొందిన మనిషేనా? చదివింది గుర్తుందా? చెయ్యి తిరిగినదేనా? ఆ దేశపు భాషలో రోగికి విషయం చెప్పి ఒప్పించగలరా? వీటిలో మొదటిది కాగితాలతో, రెండోది కంప్యూటరు ముందు, నాలుగోది భాషా పరీక్షతో తేలిపోతాయి. మూడోదే అసలు చిక్కు. విదేశీ దంతవైద్యుల ఆలస్యాలు, ఖర్చులు, నిరాశలు ఎక్కువగా దాని చుట్టూనే పేరుకుంటాయి.

ఇందుకు కారణం వృత్తి స్వభావంలోనే ఉంది. ఎంబీబీఎస్ చదివి బయటి దేశం వెళ్లినవారు సాధారణంగా ఆసుపత్రిలో సీనియర్ల కింద కొన్నేళ్లు పనిచేస్తారు. వారి తప్పును పట్టుకునే కన్ను మరొకటి ఉంటుంది. దంతవైద్యంలో చాలా దేశాల్లో ఆ మధ్య దశ లేదు. లైసెన్స్ వచ్చిన మర్నాడే ఒక గదిలో ఒంటరిగా, కదిలే నాలుకకీ నరానికీ మిల్లీమీటర్ల దూరంలో, నిమిషానికి లక్షల సార్లు తిరిగే డ్రిల్లు పట్టుకుని కూర్చోవాలి. ఒకసారి కోసిన ఎనామెల్ మళ్లీ పెరగదు. అందుకే కౌన్సిళ్లు చేతిని పరీక్షించకుండా వదలవు. చేతిని పరీక్షించాలంటే ఫాంటమ్ హెడ్లు, అంటే సాధనకు వాడే బొమ్మ తలలు, అమర్చిన ప్రయోగశాల, ప్లాస్టిక్ పళ్లు, తర్ఫీదు పొందిన పరీక్షకులు కావాలి. అవి ఎన్ని ఉంటే అన్నే సీట్లు. రాత పరీక్షను ఎంతమందికైనా పెట్టవచ్చు, చేతి పరీక్షను పెట్టలేరు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఇంత మంది మధ్యలో ఎందుకు ఆగిపోతారో అర్థమవుతుంది.

చరిత్ర

దంతవైద్యానికి విడిగా కళాశాల పుట్టింది 1840లో, అమెరికాలోని బాల్టిమోర్‌లో. మరుసటి ఏడాదే అలబామా రాష్ట్రం దంతవైద్య చట్టం చేసింది. అప్పటి నుంచి ఇప్పటివరకూ అమెరికాలో లైసెన్స్ రాష్ట్రాల చేతుల్లోనే ఉంది. బ్రిటన్ తొలి దంతవైద్యుల చట్టం 1878 నాటిది. అది పేరు నమోదు చేసుకునే వీలు కల్పించింది గాని, నమోదు కానివారిని ఆపలేదు. ఆ తలుపు 1921 చట్టంతో మూసుకుంది. అప్పటికే కొన్నేళ్లుగా పళ్లు పీకుతూ బతుకుతున్నవారిని మాత్రం పట్టా లేకున్నా రిజిస్టరులోకి తీసుకున్నారు.

ఈ చట్టాలు లేని కాలంలో దంతవైద్యులు దేశాలు దాటడం సులువుగానే సాగింది. ఫిలడెల్ఫియా నుంచి 1847లో పారిస్ చేరిన థామస్ ఎవాన్స్ మూడవ నెపోలియన్ చక్రవర్తికి దంతవైద్యుడయ్యాడు. 1870లో సామ్రాజ్యం కూలినప్పుడు మహారాణి యూజినీని పారిస్ నుంచి రహస్యంగా దాటించింది కూడా ఆయనే. ఫ్రాన్స్ దంతవైద్యులకు పట్టా తప్పనిసరి చేసింది 1892లో. ఎవాన్స్ అరవై ఏళ్లు ఆలస్యంగా పుట్టి ఉంటే రాజప్రాసాదం మాట అటుంచి, ముందు పరీక్ష గదికి వెళ్లాల్సి వచ్చేది.

మన దేశంలో తొలి దంతవైద్య కళాశాల 1920లో కలకత్తాలో డాక్టర్ ఆర్. అహ్మద్ స్థాపించినది. ఆయన దంతవైద్యం చదివింది అమెరికాలో. దంతవైద్యుల చట్టం 1948లో వచ్చింది, దాని కింద డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. ఇవాళ దేశంలో 300కు పైగా దంతవైద్య కళాశాలలున్నాయి. వాటిలో ఎక్కువ ప్రైవేటువి. ఏటా వేలల్లో బయటికొచ్చే పట్టభద్రులకు తగినన్ని ఉద్యోగాలు లేవు. పట్టణాల్లో వీధికి రెండు క్లినిక్‌లు, కొత్తగా చేరినవారికి చాలీచాలని జీతం. విదేశీ దారి వెతికేవారిలో తెలుగువారు గణనీయంగా ఉండటానికి ఇదొక కారణం. పెళ్లయ్యాక భర్త ఉద్యోగం వల్ల అమెరికా చేరిన బీడీఎస్ అమ్మాయిల కథ మరొకటి. వాళ్లు దేశాన్ని ఎంచుకోలేదు, దేశమే ముందు వచ్చింది. పరీక్షల సంగతి ఆ తర్వాత.

కాగితాల మెట్టు

అన్ని దేశాలూ అడిగేవి: పట్టా, ఏడాదివారీ మార్కుల వివరాలతో ట్రాన్స్‌క్రిప్ట్, ఇంటర్న్‌షిప్ పూర్తయిన ధ్రువపత్రం, స్టేట్ డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్. చివరిది ఆ వైద్యుడిపై క్రమశిక్షణ చర్యలేవీ లేవని కౌన్సిల్ ఇచ్చే పత్రం. దానికి గడువు కొన్ని నెలలే. ట్రాన్స్‌క్రిప్టును చాలా సంస్థలు అభ్యర్థి చేతి నుంచి తీసుకోవు. విశ్వవిద్యాలయమే సీలు వేసిన కవరులో గాని, ఆన్‌లైన్లో గాని నేరుగా పంపాలి. ఆంధ్రప్రదేశ్‌లో చదివినవారికి విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఇటీవలి తెలంగాణ పట్టభద్రులకు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఈ పని చేస్తాయి. రాష్ట్ర విభజనకు ముందు హైదరాబాదులో చదివినవారు కూడా ట్రాన్స్‌క్రిప్ట్ కోసం చూడాల్సింది విజయవాడ వైపే.

తెలుగువారికి ప్రత్యేకంగా తగిలే ఇబ్బంది పేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి, ఇంటిపేరు గడిలో వేరుగా రాస్తారు. బీడీఎస్ పట్టాలో మరో తీరు. పెళ్లి తర్వాత కొందరి పాస్‌పోర్టులో భర్త ఇంటిపేరు చేరుతుంది. ఇక్కడ ఎవరికీ అభ్యంతరం కాని ఈ తేడాలు అక్కడి గుమస్తాకు నలుగురు వేర్వేరు మనుషుల్లా కనిపిస్తాయి. అఫిడవిట్, గెజిట్ ప్రకటన, పెళ్లి ధ్రువపత్రం వంటివి ముందే సిద్ధం చేసుకోవడం మంచిది. దరఖాస్తు వేశాక మొదలుపెడితే నెలలు పోతాయి.

పత్రాల ధ్రువీకరణకు హేగ్ ఒప్పందం కింద అపోస్టిల్ పద్ధతి ఉంది. భారత్‌లో అది 2005 నుంచి అమల్లో ఉంది. కెనడా 2024 జనవరిలోగాని అందులో చేరలేదు. ఎమిరేట్స్ వంటి చోట్లకు వెళ్లే పత్రాలకు విదేశాంగ శాఖ ముద్రతో పాటు ఆ దేశ రాయబార కార్యాలయపు ముద్ర కూడా కావాలి.

భాష

ఇంగ్లిష్ మీడియంలో చదివామన్న మాట ఎక్కువ చోట్ల చెల్లదు. బ్రిటన్‌లో జనరల్ డెంటల్ కౌన్సిల్ ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో మొత్తం మీద 7, ఏ విభాగంలోనూ 6.5కు తగ్గకుండా అడుగుతూ వచ్చింది. మనవాళ్లు ఎక్కువగా తడబడేది రాత విభాగంలో. ఆస్ట్రేలియాలో రూపుదిద్దుకున్న ఓఈటీ పరీక్ష ఆరోగ్య వృత్తులకే ఉద్దేశించింది. అందులో దంతవైద్యులకు వేరే ప్రశ్నపత్రం ఉంటుంది. కేసు వివరాలు చదివి స్పెషలిస్టుకు ఉత్తరం రాయడం, రోగి పాత్రధారితో మాట్లాడటం వంటివి చేయాలి. రోజూ క్లినిక్‌లో చేసే పనే కాబట్టి వ్యాసాలు రాయడం కన్నా ఇది నయమనే అభ్యర్థులు చాలామందే ఉన్నారు.

బ్రిటన్

జనరల్ డెంటల్ కౌన్సిల్ నిర్వహించే ఓవర్సీస్ రిజిస్ట్రేషన్ ఎగ్జామినేషన్, వాడుకలో ఓఆర్‌ఈ, 2007లో మొదలైంది. మొదటి భాగం కంప్యూటరు మీద రాసే రెండు పేపర్లు. దానికి కూర్చోవాలంటే డెంటల్ చెయిర్ దగ్గర స్వయంగా రోగులకు చికిత్స చేసిన అనుభవం 1,600 గంటలు చూపాలి. రెండో భాగం లండన్‌లో జరుగుతుంది. ఫాంటమ్ హెడ్ మీద చేతిపని, నటులు రోగులుగా ఉండే ఓఎస్‌సీఈ, చికిత్సా ప్రణాళిక, క్లినిక్‌లో రోగి కుప్పకూలినప్పుడు చేయాల్సిన అత్యవసర చికిత్స అందులో ఉంటాయి. నాలుగు ప్రయత్నాలకు, మొదటిసారి రాసిన రోజు నుంచి ఐదేళ్లకు పరిమితి.

ఈ పరీక్ష కష్టం ప్రశ్నల్లో కన్నా సీటు దొరకడంలో ఎక్కువ. బుకింగ్ తెరుచుకున్న నిమిషాల్లో ఖాళీలు అయిపోవడం మామూలు. కోవిడ్‌తో 2020లో ఆగిన ఓఆర్‌ఈ తిరిగి మొదలైంది 2022లో. ఈలోగా ఐదేళ్ల గడువు కరిగిపోయినవారి కోసం చట్టంలో సర్దుబాటు చేయాల్సి వచ్చింది. మరో దారి ఇంగ్లండ్ రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ నిర్వహించే ఎల్‌డీఎస్. దానికి 1860 నుంచి చరిత్ర ఉంది. అక్కడా రెండు భాగాలే, సీట్లు అక్కడా పరిమితమే.

మూడో దారి ఒకటి ఉండేది. విదేశీ దంతవైద్యులు డెంటల్ థెరపిస్టులుగానో హైజీనిస్టులుగానో పేరు నమోదు చేసుకుని పనిచేస్తూ ఓఆర్‌ఈకి చదువుకునేవారు. 2023 మార్చిలో వచ్చిన సవరణతో అది మూసుకుపోయింది. చిత్రం ఏమిటంటే, అదే కాలంలో ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో దంతవైద్యుడు దొరక్క జనం అల్లాడుతున్నారు. ఊళ్లకు ఊళ్లు కొత్త రోగులను చేర్చుకోని స్థితి. పరీక్ష పూర్తికాని విదేశీయులను పర్యవేక్షణ కింద తాత్కాలికంగా నమోదు చేయవచ్చా అని ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో అభిప్రాయ సేకరణ మొదలుపెట్టింది. ఒక చేత్తో తలుపు మూస్తూ మరో చేత్తో కిటికీ వెతికినట్టుంది ఈ వ్యవహారం.

రిజిస్ట్రేషన్ వచ్చాక ప్రైవేటు ప్రాక్టీసుకు అడ్డు లేదు. ఎన్‌హెచ్‌ఎస్ రోగులను చూడాలంటే మాత్రం పర్ఫార్మర్స్ లిస్టులో విడిగా చేరాలి. అందుకు కొంతకాలం మార్గదర్శి కింద పనిచేయాల్సి రావచ్చు. హెపటైటిస్ బి రోగనిరోధక శక్తి రుజువు, ఎక్స్‌రే భద్రతపై శిక్షణ కూడా అవసరం.

అమెరికా

అమెరికాలో జాతీయ లైసెన్స్ అంటూ లేదు. రాష్ట్రాల బోర్డులే లైసెన్స్ ఇస్తాయి. చాలా రాష్ట్రాలు కోరేది కమిషన్ ఆన్ డెంటల్ అక్రెడిటేషన్, అంటే సీఓడీఏ గుర్తించిన కళాశాల పట్టా. కెనడా కళాశాలలకు 1956 నుంచి పరస్పర గుర్తింపు ఉంది. భారతీయ కళాశాలలకు లేదు. కాబట్టి బీడీఎస్ ఉన్నవారు పరీక్ష ఒక్కటి రాసి ప్రాక్టీస్ మొదలుపెట్టే వీలు సాధారణంగా లేదు. మళ్లీ కాలేజీలో చేరాల్సిందే.

మొదటి మెట్టు ఐఎన్‌బీడీఈ అనే జాతీయ బోర్డు పరీక్ష. పాత రెండు భాగాల బోర్డు పరీక్ష స్థానంలో 2020 ఆగస్టులో వచ్చింది. రెండు రోజుల్లో 500 ప్రశ్నలు: మొదటి రోజు 360, రెండో రోజు 140. ఫలితం పాస్ లేదా ఫెయిల్ మాత్రమే. పాత పద్ధతిలో మార్కులు కళాశాల ప్రవేశాల్లో తూచేందుకు పనికొచ్చేవి. ఇప్పుడు ఆ తూకం రాయి లేకపోవడంతో అనుభవం, సిఫారసు ఉత్తరాలు, వ్యక్తిగత వ్యాసం మీద భారం పెరిగింది. విదేశీ మార్కులను అమెరికా లెక్కలోకి మార్చే మదింపు సంస్థల నివేదిక, టోఫెల్ స్కోరు కూడా జత చేయాలి.

తర్వాత క్యాపిడ్ అనే ఉమ్మడి దరఖాస్తు ద్వారా అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ కోర్సులకు ప్రయత్నించాలి. బోస్టన్, టఫ్ట్స్, మిషిగన్, కొలరాడో, శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఇవి ఉన్నాయి. కాలం రెండు నుంచి మూడేళ్లు. చివర వచ్చేది అక్కడి విద్యార్థులకు ఇచ్చే డీడీఎస్ లేదా డీఎండీ పట్టానే. ఈ రెండు పేర్ల మధ్య చదువులో తేడా లేదు. ఒక్కో కళాశాల తీసుకునేది కొద్దిమందినే. చాలా కళాశాలలు ఇంటర్వ్యూతో పాటు బెంచ్ టెస్ట్ పెడతాయి. ప్లాస్టిక్ పన్ను మీద క్యాప్‌కు తగ్గట్టు చెక్కడం, క్లాస్ 2 క్యావిటీ కోయడం, మైనంతో పన్ను ఆకారం తీర్చడం వంటివి గడియారం పక్కన పెట్టుకుని చేయాలి.

ఖర్చు లక్ష డాలర్లు దాటడం సర్వసాధారణం, ప్రైవేటు కళాశాలల్లో అంతకు చాలా ఎక్కువ. అమెరికాలో సహ సంతకం చేసేవారుంటే బ్యాంకు అప్పు దొరుకుతుంది, లేకుంటే కష్టం. అందుకే మన అభ్యర్థుల్లో ఒక వాడుక ఏర్పడింది: ముందు పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్‌కు విద్యార్థి వీసా మీద వెళ్లడం, అక్కడ క్లినిక్‌లలో దగ్గరుండి చూడటం, పరిచయాలు పెంచుకోవడం, ఆపైన క్యాపిడ్ వేయడం. జీవిత భాగస్వామి ఉద్యోగం ద్వారా వచ్చే హెచ్4 వీసా మీద ఉన్నవారు చదువుకోవచ్చు గాని, పని అనుమతి లేకుండా జీతం తీసుకోలేరు. 2015 నుంచి కొందరు హెచ్4 జీవిత భాగస్వాములకు పని అనుమతి దొరుకుతోంది. దానితో డెంటల్ అసిస్టెంటుగా చేరినవారు అక్కడి క్లినిక్ వాతావరణం, బీమా సంకేతాలు, రికార్డులు రాసే తీరు ముందే వంటబట్టించుకుంటారు. ఫ్లోరిడాలో విదేశీ దంతవైద్యులు హైజీనిస్టు లైసెన్స్‌కు పరీక్ష రాసే వీలుంది.

కళాశాల పూర్తయ్యాక రాష్ట్రం కోరే క్లినికల్ పరీక్ష ఉంటుంది. అలాంటి పరీక్షల్లో ఎక్కువ రాష్ట్రాలు అంగీకరించేది ఏడెక్స్. దశాబ్దాల పాటు ఈ పరీక్ష బతికున్న రోగి మీదే జరిగింది. రోగిని వెతికి తెచ్చుకునే బాధ్యత అభ్యర్థిదే. నిబంధనకు సరిగ్గా సరిపోయే పుచ్చు పన్ను ఉన్న మనిషి కోసం డబ్బిచ్చి బతిమాలడం, పరీక్ష రోజున ఆ మనిషి రాకపోతే ఏడాది పోవడం అందరికీ తెలిసిన బాధలు. ఒక మనిషి చికిత్సను పరీక్ష తేదీ కోసం ఆపి ఉంచడం నైతికమేనా అన్న విమర్శ ఎంతో కాలంగా ఉన్నా కదలిక లేదు. కోవిడ్ వచ్చి రోగులను కూర్చోబెట్టలేని పరిస్థితి ఏర్పడ్డాక, లోపల పుచ్చును పోలిన పొరలున్న కృత్రిమ పళ్లతో మానికిన్ పరీక్ష వేగంగా నిలదొక్కుకుంది. విమర్శకులు ఏళ్లుగా సాధించలేనిది మహమ్మారి నెలల్లో సాధించింది. న్యూయార్క్ మాత్రం 2007 నుంచే క్లినికల్ పరీక్ష బదులు ఒక ఏడాది రెసిడెన్సీని తప్పనిసరి చేసింది.

మినహాయింపులు లేకపోలేదు. సీఓడీఏ గుర్తించిన స్పెషాలిటీ రెసిడెన్సీ చేసినవారికి కొన్ని రాష్ట్రాలు లైసెన్స్ ఇస్తాయి. మిన్నెసోటా విదేశీ పట్టాలను విడిగా పరిశీలించే దారి ఉంచింది. కాలిఫోర్నియా ఒకప్పుడు విదేశీ కళాశాలలను తానే తనిఖీ చేసి గుర్తించేది. మెక్సికోలోని లియోన్ నగరంలో ఉన్న దె లా సాల్ బాజియో విశ్వవిద్యాలయం అలా గుర్తింపు పొందినదే. తర్వాత ఆ బాధ్యతను సీఓడీఏకే వదిలింది. ఒక రాష్ట్రంలో లైసెన్స్ వచ్చిందని పక్క రాష్ట్రంలో చెల్లుతుందని అనుకోకూడదు. భర్త ఉద్యోగం టెక్సస్ నుంచి న్యూజెర్సీ మారితే భార్య లైసెన్స్ కథ కొంతవరకు మళ్లీ మొదలవుతుంది.

కెనడా

1952లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన నేషనల్ డెంటల్ ఎగ్జామినింగ్ బోర్డు ఇక్కడి ఈక్వివలెన్సీ ప్రక్రియను నడుపుతుంది. మొదట ఏఎఫ్‌కే అనే రాత పరీక్ష. క్లినికల్ నిర్ణయశక్తి మదింపు, ఒట్టావాలో జరిగే ఎన్‌డీఈసీసీ ఆ తర్వాతి మెట్లు. 2022లో పాత చేతిపని పరీక్ష స్థానంలో వచ్చిన ఎన్‌డీఈసీసీలో ఫాంటమ్ హెడ్ పని ఒక సగం, సందర్భాన్ని బట్టి ఎలా నడుచుకుంటారో చూసే సగం మరొకటి. వీటిని దాటినవారు స్థానిక పట్టభద్రులు రాసే తుది పరీక్షకు అర్హులవుతారు. ఆపైన రాష్ట్ర నియంత్రణ సంస్థ దగ్గర నమోదు, స్థానిక చట్టాలపై చిన్న పరీక్ష. క్యూబెక్‌లో ఫ్రెంచ్ లేకుండా పని జరగదు.

అమెరికాతో పోలిస్తే ఇక్కడి గుణం స్పష్టం. కాలేజీలో మళ్లీ చేరకుండా పరీక్షలతోనే లైసెన్స్ దాకా రావచ్చు, ఖర్చు అందులో కొంత భాగమే. లోపం కూడా అక్కడే. ప్రయత్నాలకు పరిమితి ఉంది, చివరి మెట్టు మీద జారితే పెట్టిన డబ్బు, గడిచిన కాలం రెండూ పోతాయి. అలా ఆగినవారికి విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ కంప్లీషన్ కోర్సులే దిక్కు. వాటి సీట్లు కొన్నే. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, ఐర్లండ్‌లలో గుర్తింపు పొందిన కళాశాలల ఇటీవలి పట్టభద్రులు మాత్రం ఈ మెట్లేవీ లేకుండా నేరుగా తుది పరీక్ష రాయగలరు.

ఆస్ట్రేలియా, న్యూజీలాండ్

ఆస్ట్రేలియాలో 2010 జూలై నుంచి రిజిస్ట్రేషన్ దేశమంతటికీ ఒకటే. విదేశీ పట్టాల మదింపు ఆస్ట్రేలియన్ డెంటల్ కౌన్సిల్ పని: ముందు కాగితాల పరిశీలన, తర్వాత రెండు రోజుల్లో 280 ప్రశ్నల రాత పరీక్ష, చివరికి మెల్‌బోర్న్‌లో రెండు రోజుల ప్రాక్టికల్. రాత పరీక్ష ఫలితం మూడేళ్లు చెల్లుతుంది. ఆలోగా ప్రాక్టికల్ పూర్తి కాకపోతే మళ్లీ రాయాలి. ప్రాక్టికల్‌కు ముందు వారాలపాటు ఫాంటమ్ హెడ్ అద్దెకు తీసుకుని సాధన చేసే శిక్షణ కేంద్రాలు అక్కడ ఒక పరిశ్రమగా ఎదిగాయి. హైదరాబాదు నుంచి నేరుగా విమానం దిగి పరీక్షకు కూర్చునేవారికి, నెల ముందే వచ్చి అక్కడి యూనిట్ మీద చేయి అలవాటు చేసుకున్నవారికి తేడా మొదటి గంటలోనే తెలుస్తుంది. న్యూజీలాండ్‌కు సొంత క్లినికల్ పరీక్ష ఉంది. రెండు దేశాల మధ్య పరస్పర గుర్తింపు ఉండటంతో ఒకచోట నమోదైనవారు రెండోచోటికి తేలిగ్గా మారతారు.

గల్ఫ్

చేతి పరీక్ష లేని దారి కావాలంటే గల్ఫ్. దుబాయ్, అబుదాబీ, మిగతా ఎమిరేట్స్‌కు వేర్వేరు ఆరోగ్య సంస్థలు ఉన్నాయి. సౌదీలో 1992లో ఏర్పడిన కమిషన్ ఫర్ హెల్త్ స్పెషాలిటీస్ లైసెన్సులు చూస్తుంది. పట్టా, అనుభవ పత్రాలను జారీ చేసిన చోటే నేరుగా అడిగి నిజానిజాలు తేల్చే డేటాఫ్లో తనిఖీ దాదాపు అన్నిచోట్లా ఉంది. ఆ తర్వాత ప్రొమెట్రిక్ వంటి కంప్యూటరు పరీక్షా కేంద్రంలో బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్ష. ఇది మన నగరాల్లోనే రాయవచ్చు. లైసెన్స్ మాత్రం సాధారణంగా ఉద్యోగమిచ్చే ఆసుపత్రితో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే లైసెన్స్ కూడా నిద్రాణమవుతుంది. మూతబడిన క్లినిక్‌లో పనిచేసిన అనుభవం డేటాఫ్లోలో తేలకపోవడం తరచూ ఎదురయ్యే చిక్కు. స్నేహితుడి క్లినిక్‌లో చేసినట్టు రాయించుకున్న ఉత్తరం బయటపడితే మాత్రం ఆ మచ్చ ఇతర గల్ఫ్ దేశాలకూ పాకుతుంది.

ఐరోపా

ఐరోపా సమాఖ్యలో చదివిన దంతవైద్యులకు 2005 నాటి నిర్దేశం కింద సభ్య దేశాలన్నిటా దానంతటదే గుర్తింపు దొరుకుతుంది. కనీసం ఐదేళ్లు, 5,000 గంటల శిక్షణ దానికి కొలత. బయటి దేశాల పట్టాలకు ఆ వీలు లేదు. ఒక సభ్య దేశం గుర్తించి, అక్కడ మూడేళ్లు పనిచేశాక మాత్రం రెండో దేశానికి మారడం కొంత తేలికవుతుంది.

జర్మనీలో పూర్తి లైసెన్స్‌ను అప్రొబాట్సియోన్ అంటారు. ఇచ్చేది రాష్ట్రాల అధికారులు. ముందు వైద్య జర్మన్‌లో సీ1 స్థాయి పరీక్ష: రోగితో సంభాషణ, తోటి వైద్యుడికి వివరణ, రాతపని. తర్వాత చదువులో తేడాలున్నాయని తేలితే జ్ఞాన పరీక్ష. ఈలోగా పర్యవేక్షణ కింద పనిచేయడానికి సుమారు రెండేళ్ల తాత్కాలిక అనుమతి దొరకవచ్చు. జీతం తీసుకుంటూ పరీక్షకు సిద్ధమయ్యే ఈ వీలు ఇంగ్లిష్ దేశాల్లో అరుదు. భాష నేర్చుకునే ఓపిక ఉన్నవారికి ఆర్థికంగా ఇదే తెలివైన దారి అనిపిస్తుంది. మన కుర్రకారు భాషకు భయపడి దీన్ని తక్కువగా చూస్తున్నారు.

చెయ్యి మరిచిపోవాల్సినవి

పరీక్షల్లో తప్పేవారందరూ అసమర్థులు కారు. అలవాట్లు అడ్డం వస్తాయి. పళ్ల అంకెలే చూడండి. భారత్, కెనడా, ఆస్ట్రేలియాలలో వాడే ఎఫ్‌డీఐ పద్ధతిలో 14 అంటే కుడి పై దవడలో మొదటి ప్రీమోలార్. అమెరికా పద్ధతిలో అదే 14 ఎడమ పై దవడలో మొదటి మోలార్. బ్రిటన్‌లో పాత పామర్ గుర్తులు ఇంకా వాడుకలో ఉన్నాయి. చీటీలో అంకె పొరబడితే పోయేది ఆరోగ్యంగా ఉన్న పన్ను.

రబ్బర్ డ్యామ్ మరో ఉదాహరణ. రూట్ కెనాల్ చేసేటప్పుడు పన్నును చుట్టూ ఉన్న లాలాజలం నుంచి వేరు చేసే ఆ పలుచని రబ్బరు పరదా అక్కడ ప్రమాణం. మన రద్దీ క్లినిక్‌లలో చాలాచోట్ల దాన్ని డబ్బాలోంచే తీయరు. పై పళ్ల మీద పనిచేసేటప్పుడు వంగి నేరుగా చూడకుండా, నిటారుగా కూర్చుని అద్దంలోనే చూస్తూ చేయడం కూడా పరీక్షకులు గమనించే విషయమే. ఫాంటమ్ హెడ్‌ను వీలుగా ఉందని ఎడాపెడా తిప్పితే మార్కులు పోతాయి, బతికున్న మెడ అంత తిరగదు కాబట్టి.

మాట విషయంలో తేడా ఇంకా లోతైనది. ఓఎస్‌సీఈ పద్ధతిని 1975లో స్కాట్లండ్‌లోని డండీలో రోనల్డ్ హార్డెన్ రూపొందించాడు. ఒక్కో గదిలో కొద్ది నిమిషాలు, రోగి పాత్రలో నటుడు, మూలన పరీక్షకుడు. అక్కడ చూసేది రోగ నిర్ధారణ ఒక్కటే కాదు. బ్రిటన్ సుప్రీం కోర్టు 2015లో మాంట్‌గోమరీ కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం ఆ రోగికి ముఖ్యమనిపించే ప్రతి ప్రమాదాన్నీ, ఇతర మార్గాలనూ చెప్పాలి. జ్ఞానదంతం తీసే ముందు కింది పెదవి మొద్దుబారే అవకాశం కొద్దిగానైనా ఉందని చెప్పకపోవడం అక్కడ లోపం. 'ఏం భయం లేదమ్మా, నేను చూసుకుంటాను' అనే మన డాక్టరుగారి ధీమా ఇక్కడ రోగికి ధైర్యం, అక్కడ పరీక్షకుడికి సున్నా మార్కు.

ఎండీఎస్ సంగతి

మన మూడేళ్ల పీజీ పట్టా ఎండీఎస్ వల్ల విదేశంలో స్పెషలిస్టు హోదా నేరుగా రాదు. అమెరికా 12, బ్రిటన్ 13 స్పెషాలిటీలను గుర్తిస్తాయి. అమెరికాలో ఎండీఎస్ ఉన్నవారు మళ్లీ అదే శాఖలో రెసిడెన్సీ చేయడం మామూలు. బ్రిటన్‌లో ముందు సాధారణ రిజిస్ట్రేషన్, తర్వాత స్పెషలిస్టు జాబితాకు మదింపు. కెనడా విశ్వవిద్యాలయాల్లో విదేశీ స్పెషలిస్టులకు మదింపు, పూరక శిక్షణ కలిసిన కార్యక్రమం ఉంది. గల్ఫ్‌లో ఎండీఎస్‌కు గౌరవం, జీతం రెండూ ఎక్కువే.

భారత్‌లోకి వచ్చేవారు

విదేశంలో చదివి వచ్చిన భారతీయులకు మన దగ్గరా ఇలాంటి గోడే ఉంది. 1948 చట్టపు షెడ్యూలులో గుర్తించిన పట్టాలున్నవారు తప్ప మిగతావారు స్క్రీనింగ్ టెస్ట్ పాస్ కావాలి. ఇందుకు 2009లో నిబంధనలు వచ్చాయి. 2023 నాటి నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం పాత కౌన్సిల్ స్థానంలో కమిషన్‌ను, దేశీయ పట్టభద్రులకూ విదేశీ పట్టభద్రులకూ కలిపి నేషనల్ ఎగ్జిట్ టెస్ట్‌ను ఉద్దేశించింది. ఇక ఇక్కడి నుంచి వెళ్లినవారి మాట: పరదేశంలో స్థిరపడినవారు ఇక్కడి స్టేట్ కౌన్సిల్ నమోదును వదిలేయడం పరిపాటి. తర్వాత మూడో దేశానికి మారాలనుకున్నప్పుడు గతంలో నమోదైన ప్రతి చోటి నుంచీ గుడ్ స్టాండింగ్ అడుగుతారు. లాప్స్ అయిన నమోదు మీద ఆ పత్రం రావడం కష్టం. ముఖ్యంగా 2014కు ముందు ఉమ్మడి రాష్ట్రంలో నమోదైనవారు తమ రికార్డు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కౌన్సిళ్లలో దేని దగ్గర ఉందో చూసుకుని, రుసుము కట్టి, నమోదును సజీవంగా ఉంచుకోవాలి.